రోజు విడిచి రోజు

నాచారంల నైట్ షిఫ్టు.
మాత్రలు లెక్కబెట్టే మిషన్ పక్కన
టీ చల్లారేదాక
నేను ఇంట్ల వాళ్ళ లెక్క చూస్త.
ఫోన్‌ల ఉంటది అంతా,
ఎవరు, ఏది, ఎన్నింటికి, ఎంతసేపు.

మంగళవారం 4:12, రోబో కుక్క, ఏడో భాగం, పూర్తి.
4:36, ఎనిమిదో భాగం, పూర్తి.
అయిదుకు తొమ్మిదోది మొదలు.
అయిదింటికి నిహాల్ ట్యూషన్ల ఉండాలె గదా!
పెద్దది సాహితి, కొరియా ప్రేమకథ
ముద్దు సీను దాక చూసి ఆపింది.
తనే ఆపిందా,
పక్క రూంల పగటి నిద్ర నుంచి
నేను లేచిన చప్పుడైందా?
అది ఫోన్‌ల రాయరు.

మా నాయిన మా జేబులు తడిమెటోడు.
గోలీలు, బస్సు టికెట్లు,
ఒకసారి సగం కాల్చిన బీడీ.
నేను అట్ల గాదు, జేబుల చెయ్యి పెట్ట.
పెట్టకుండనే అన్నీ దొరుకుతున్నయి.

ఒక్కటే అంతుపట్టలే.
పిల్లల ప్రొఫైల్ల, రాత్రి రెండింటికి,
సముద్రం.
మాటలు తక్కువ, నీళ్ళు ఎక్కువ ఉండే డాక్యుమెంటరీ.
తొమ్మిది నిమిషాలు.
రోజు విడిచి రోజు.
పదకొండు. ఎనిమిది. మళ్ళ తొమ్మిది.
ఒకనాడు నలభై రెండు.
నిహాల్‌ను అడిగిన. "నేను గాదు డాడీ, అమ్మతోడు."
సాహితిని అడిగిన. తలుపేసుకుంది.
స్వరూపను అడగలే.
ఆమె పదింటికే పంటదని నా లెక్క.

గురువారం పిన్ పెట్టిన, నాలుగంకెలు.
పిల్లలు పుట్టిన తారీకు గాదు, పెండ్లి తారీకు గాదు,
నా కంపెనీ టోకెన్ నంబరు.
ఇంట్ల ఎవ్వరికీ తెల్వంది అదొక్కటే.

శుక్రవారం రాత్రి జేబుల ఫోన్ వణికింది.
2:06. పిన్ తప్పు.
2:07. పిన్ తప్పు.
2:08.
దొరికిండు కొడుకు, అనుకుంట ఇంటికి కొట్టిన.
ఒక్క రింగుకే ఎత్తింది స్వరూప.
"ఏమైంది? ఒంట్ల మంచిగుందా?"
"నువ్వేంది, పండలే?"
"ఇయ్యాల నల్లా దినం గదా. ఇంకా రాలే."

వెనక డ్రమ్ము మూత చప్పుడు.
మా బోడుప్పల్ గల్లీకి నల్లా వచ్చుడు
రోజు విడిచి రోజు, రాత్రి రెండు దాటినంక.
పొద్దుగాల ఇంటికొచ్చి
నిండు డ్రమ్ముల చెంబు ముంచుకునేటోన్ని
ఎవరు నింపిన్రో ఏ లిస్టులా చూడలే.
నలభై రెండు నిమిషాలంటే
ఆనాడు వాల్వు తిప్పేటాయన లేటు.
తొమ్మిదంటే
తిమింగలం పైకొచ్చి ఊపిరి విడిచేలోపు
మా పైపు దగ్గిందన్నట్టు.

"టీవీ ఏందో నంబరడుగుతుంది," అన్నది.
"ఉత్తగ కూసుంటె నిద్ర ముంచుకొస్తది,
నీళ్ళు పోతయ్.
మొదలొచ్చే బొమ్మ నొక్కుతుంటి, గంతే."
నంబరు చెప్పిన.
ఒక్కొక్క అంకె తిరిగి పలికి నొక్కింది.
"ఇదేం నంబరు?"
"నాదే," అన్న.
అటు అలలు మొదలైనయి,
ఇటు మిషన్ మీద ఎర్ర లైటు,
ఒక మాత్ర ఎక్కడో తక్కువొచ్చింది.

ఆదివారం సాహితి నా ఫోన్ అడిగింది. ఇచ్చిన.
చాలసేపు కిందికీ మీదికీ జరిపింది.
"డాడీ, నీ పేరు మీద ఒక్కటి లేదేంది?
మూడు నెలలు ఖాళీ.
ఏం చూస్తవ్ మరి నువ్వు?"
ఫోన్ ఆమె చేతిలనే ఉంది.
నేను లేచి బక్కెట్లు కడిగిన.

ఆ రాత్రి సెలవు. నల్లా దినం.
స్వరూప తన కుర్చీ కొంచెం పక్కకు జరిపింది.
తెర మీద ఆక్టోపస్
రాయి అయింది, ఇసుక అయింది,
మమ్మల్ని చూసి మళ్ళ ఆక్టోపస్ అయింది.
"మొదటిసంది పెట్టాల్నా?" అన్నది.
"వద్దు.
నువ్వున్న కాడ్నించే."