పెన్సిల్ అంకె

కృష్ణపట్నం యార్డులో
నాలుగేళ్లు ఉప్పుగాలి తిన్నది
ఇటలీ నుంచి దిగిన రాయి కోసే మిషను.
సెకండ్‌హ్యాండుదే. ఆకుపచ్చ రంగు.
పళ్ల సందుల్లో ఇంకా
ఏ ఊరి కొండదో తెల్లటి పొడి.

వెల నలభై రెండు వేల యూరోలని
కాగితాలు కుట్టింది నేనే,
చీమకుర్తి ఆఫీసులో,
పక్క షెడ్డు రంపానికి టేబులంతా అదురుతుంటే.

కస్టమ్స్ వాళ్లు నమ్మలేదు.
చెన్నైలో ఇలాంటిదే తొంభైకి దిగిందట.
ఎవరు దించారు, ఏ ఏడాదిది, ఎన్ని గంటలు తిరిగింది?
అడిగితే కాగితం చూపలేదు.
వెల పెంచారు. జప్తన్నారు.
విడిపించుకుంటే జరిమానా,
మాల్యాద్రి గారికి పెనాల్టీ,
సంతకం పెట్టినందుకు నాకు విడిగా లక్ష.
నా జీతం పద్దెనిమిది వేలు.
ఇంటిపేరుతో సహా తప్పుల్లేకుండా
నా పేరు అచ్చులో చూడటం అదే మొదలు.

అప్పీలు కాదన్నారు. ట్రిబ్యునల్ వాయిదా అంది.
హైకోర్టుకి ఒంగోల్లో తెల్లారకముందే బస్సు,
ఒళ్లో ఫైలు, ఫైలు మీద ఇడ్లీ పొట్లం.

లాయరు వల్లీశ్వరి గారిది ఒకటే మాట:
"అనుమానం ఎవరికైనా వస్తుంది. రుజువేది?"
జడ్జిగారు కళ్లద్దాలు తుడుచుకున్నారు.
చూపించని కాగితం మీద వేసిన శిక్ష
నిలవదన్నారు.

దారిలో మాల్యాద్రి గారు
అందరికీ చెరుకురసం పోయించారు.
గ్లాసు పట్టుకుని నేను
నీలం అట్ట డైరీ గురించి ఆలోచించాను:
చివరి పేజీలో, పెన్సిల్‌తో,
ఇంకో చేతి మీదుగా వెళ్లిన ఇంకో అంకె.
ఆ పేజీని ఎవరూ అడగలేదు.
అడిగితే ఏం చెప్పేదాన్నో
నాకూ తెలీదు.

"ఇంకా యాడుందమ్మా మీ మిషను,
తుప్పే గదా ఉండేది," అన్నాడు క్రేను డ్రైవరు.
బెల్టులు చిట్లి, మోటారు పెట్టెలో కందిరీగల మట్టిగూడు.
ఇంజనీరు వచ్చి, గోటితో గీకి, సుత్తితో తట్టి,
కొత్త సర్టిఫికెట్ రాసిచ్చాడు:
నలభై వేలు.

మా అబద్ధం నిజం కావడానికి
నాలుగేళ్లు పట్టింది.
అక్కడితో ఆగకుండా
ఇంకో రెండు వేలు కిందికి దిగింది.

ఈ సాయంత్రం పద్దులు ముగిస్తున్నాను.
బయట నల్ల పలక మీద నీళ్లు పోస్తున్నారు,
తడిసినంత మేరా బంగారు చుక్కలు తేలుతున్నాయి.
సొరుగులో డైరీ ఉంది, పక్కనే రబ్బరు ముక్క.
రెండూ ముట్టుకోలేదు.

చెరుకురసం, ఆరు గ్లాసులు, నూట ఇరవై.
కోర్టు ఖర్చుల కింద రాశాను.
పెన్నుతోనే.