ఎడంచేతి వాటం

జయపురం బస్టాండులో ఎక్కేసరికే
డిల్లేశ్వరి జడలో కనకాంబరాలు సగం రాలిపోయాయి.
ఘాటీ మలుపుల్లో నీలవేణి రెండుసార్లు
కిటికీలోంచి తల బయటపెట్టి
"ఇంక నానెక్కడికీ రానొలే" అంది.
సబిత దానికి నిమ్మచెక్క అందిస్తూ
ఒడియాలో ఒకసారి, తెలుగులో ఒకసారి తిట్టింది.
నలుగురం. పదకొండేళ్లుగా ఒకే మిషన్ల గదిలో
ఒకరి వీపు ఒకరం చూస్తూ కుడుతున్నవాళ్లం.
సేటు కూతురి పెళ్లని సెలవు దొరికితే
కోరాపుట్‌లో రాతిబొమ్మలు చూడ్డానికి బయల్దేరాం.

టికెట్టు ఐదు రూపాయలు. కరెంటు లేదు.
కాపలా ముసలాయన టార్చి వేసి ముందు నడిచాడు.
వెలుగు పడ్డంత మేరే దేవుడు:
ఒక మోకాలు, ఒక పాముపడగ,
ముక్కు పోయినా నవ్వు పోని ముఖం.
చీటీల మీది రాత సబితే చదివి చెప్పాలి మాకు.
"దొరికిన చోటు, చేను. చేసినవాడు, తెలియదు."
పక్కదానికీ అదే. దాని పక్కదానికీ.
నాలుగో చీటీ దగ్గర చదవడం మానేసి
ఊరికే తల అడ్డంగా ఊపింది.

నూలుపోగు లేకుండా నిలబడ్డ రాతి మునిని చూసి
నీలవేణి కొంగు నోట్లో కుక్కుకుంది.
"మనకి ఒక్క గిరాకీ ఇవ్వని సామి ఈయనే" అన్నాను.
మా నవ్వు గోడలకి తగిలి వెనక్కొచ్చింది.
ముసలాయన టార్చి ఆర్పేశాడు,
తన నవ్వు కనబడకుండా కాబోలు.

లోపల చోటు చాలని రాళ్లు తోటలో ఉన్నాయి.
బంతిమడుల్లో ఒక నంది, వెనకసగం మాత్రమే.
పంపు పక్కన నాచుపట్టిన ద్వారపాలకుడు,
ఆయన గద మీద తోటమాలి చొక్కా ఆరుతోంది.
పనసచెట్టు కింద పీటలాంటి రాయి కనిపిస్తే
గిన్నెలు దాని మీదే విప్పాం,
మురీలు, ఉల్లిపాయలు, నీలవేణి ఇంటి చింతకాయ పచ్చడి.

తినడం ఆపింది డిల్లేశ్వరి.
గిన్నెలన్నీ పక్కకి జరిపి, మెతుకులు కొంగుతో దులిపి
రాతి మీద అరచెయ్యి పరిచింది.
కింద ఒక ఆడమనిషి, సగమే బయటికొచ్చింది.
భుజం ఉంది, చెవికమ్మ ఉంది.
ముఖం రావాల్సిన చోట వట్టి ఉలిగంట్లు,
ఏటవాలు జల్లులా అన్నీ ఒకే వైపుకి.

"మా అయ్య రోళ్లకి గంట్లేసీవోడు గదా.
కుడిసేతోడి దెబ్బ ఇలగొస్తాది.
ఇది సూడు, అలగుంది.
ఈడిది ఎడంసేతి వాటం."

అంత పెద్ద గదిలో
ఏ చీటీ చెప్పని సంగతి.

ఎందుకాపేశాడో నీలవేణి మొదలెట్టింది.
జ్వరమొచ్చుంటుందని, కూలి ఎగ్గొట్టుంటారని,
రాయిలో పగులు బయటపడుంటుందని.
డిల్లేశ్వరి ఏమీ అనలేదు.
ఎడంచేత్తో ముద్ద ఎత్తిందని చిన్నప్పుడు
వాళ్లమ్మ అట్లకాడ కాల్చి పెట్టిన మచ్చ
మణికట్టు మీద ఇంకా ఉంది.
మా గదిలో దానికి వేరే కత్తెర.
ఇంకెవరి చేతిలోనూ ఆ కత్తెర తెగదు.

చేతులు కడిగిన నీళ్లు రాతి మీదికి పారి
గంట్లలో కాసేపు నిలిచాయి.
ఎండలో ఆరేదాకా అక్కడే కూర్చుంది.
మేం బస్సు టైమైందని అనలేదు.

తిరుగు బస్సులో కిటికీ సీటు
నీలవేణి దానికి వదిలేసింది.
ఘాటీ దిగేదాకా కళ్లు మూసుకుని
ఎలా ఓర్చుకుందో ఏమో.