ముల్లు నిలిచేదాకా

తెల్లారకముందే ఆచంట మిల్లు కళ్లంలో
ధాన్యం ఇంకా ఆరబోయని సిమెంటు నేల మీద
నేనూ, నా కాన్వాసు బూట్లూ.
కొత్తవి. ఇంకా కరుస్తున్నాయి.

ముప్పైరెండేళ్లుగా కాటా గుమస్తాని.
బస్తా ఎక్కేది, ముల్లు ఊగేది, ఆగేది,
అంకె రాసేవాణ్ణి. అంతవరకే నా చదువు.
పోయిన కార్తీకంలో చెవి లోపల ఏదో జారి
నేల ఓ పక్కకి ఒరిగింది.
డాక్టరు మందులు రాసి, "నిలబడ్డం నేర్చుకోండి" అన్నాడు.
యాభై ఎనిమిదేళ్లూ నేనేం చేశాననుకున్నాడో!

తాయ్‌చీ అంటే తాయెత్తనుకుని
మా ఆవిడ నా మెడలో వెతికింది.

నేర్పేది సువార్తమ్మ.
సింగపూర్లో ఓ చీనా ముసలావిడకి
పన్నెండేళ్లు వండిపెట్టింది.
రోజూ పొద్దున్నే పార్కుకి నడిపించి
ఆవిడ తూలి పడకుండా కాస్తూ కాస్తూ
తనూ నేర్చేసుకుంది.
ఎనిమిది కదలికలు. ఆరు నిమిషాలు.

"ఒక కాలు నిండు, ఒక కాలు ఖాళీ.
ఖాళీ అయ్యాకే ఎత్తండి గుమస్తాగారూ,
మీరు నిండు బిందెని లాగేస్తున్నారు."

గుర్రం జూలు పాయలు తీయమంది.
పెళ్లి ఊరేగింపులో తప్ప గుర్రాన్ని నేనెక్కడ చూశాను?
"పోనీ కాలవలో గుర్రపుడెక్క అనుకోండి,
పడవకి దారిచ్చినట్టు తోయండి" అంది.
చేతులు వాటంతటవే విడిపోయాయి.

తర్వాత పుంజు, ఒంటికాలి మీద.
మా వైపు పుంజంటే కాలికి కత్తుండాలి,
చుట్టూ మీసాలూ నోట్లూ ఉండాలి.
ఈ పుంజు ఎవరి మీదికీ పోదు,
ఊరికే నిలబడుతుంది.
మూడు లెక్కపెట్టేలోగా కాలు దింపేశాను.
"ఆయ్, పర్లేదండి" అంది.

పిచ్చుక తోక పట్టుకునేచోట
వసారాలో వరికుచ్చు మీది పిచ్చుకలు
నన్ను చూసి ఎగరను కూడా లేదు.

లారీ దగ్గర జట్టువాళ్లు నవ్వుతారు.
"గుమస్తాగారు గాలి బస్తాలు మోస్తున్నార్రోయ్,
కూలి ఎంతో కనుక్కోండి!"
అన్నవాడు సత్తిపండు. అంటూనే
డెబ్బై అయిదు కేజీలు వీపునేసుకుని
బల్ల ఎక్కాడు. జానెడు బల్ల, నడిమికి వంగుతుంది.

అప్పుడు చూశాను.
వెనక కాలు పూర్తిగా ఖాళీ అయ్యాకే లేచింది.
ముందు కాలు బల్లని అడిగింది,
బల్ల సరేనన్నాకే బరువెళ్లింది.
ఊపిరి ఎక్కడో బొడ్డు కింద,
మూతి మీద ఇంకా అదే నవ్వు.
ఇన్నేళ్లూ ఆ కాలు నా ముందే నడిచింది,
నేను తల దించుకుని అంకె రాసుకున్నాను.

మర్నాడు సువార్తమ్మకి చెబితే
"వాడితో అనకండి. తెలిస్తే పడతాడు" అంది.

ఇప్పుడు ఎవరూ రాకముందు
మూలనపడ్డ పాత ముల్లు కాటా మీదికి ఎక్కుతాను.
అరవై రెండు.
ఎడమ నుంచి కుడికి, లాకుల్లో పడవ దిగినట్టు
బరువు దిగితే ముల్లుకి తెలీదు.
తొందరపడ్డానా, చాడీ చెప్పేస్తుంది.

ఇవాళ మేఘాల చేతుల దాకా వచ్చాను.
కాలవ మీద మంచు కూడా అదే పనిలో ఉంది,
నాకంటే బాగా.
నడుం తిప్పేచోట ముల్లు వణికింది,
అరకేజీ.
ఆ అరకేజీ ఎవరి ఖాతాలో రాయను?

బూట్లు విప్పి మళ్లీ ఎక్కాను.
అరవై ఒకటిన్నర.
ఇనుప పలక చల్లగా ఉంది.
ఎడం కాలు ఖాళీ చేస్తున్నాను.