ఎనిమిది వరకూ

సర్కిల్ ఆఫీసు నుంచి సర్క్యులర్ వచ్చింది:
సెక్షన్‌కో జట్టు, జట్టుకి నాలుగు నిమిషాలు,
అంశం స్ట్రీట్ డాన్స్.
"స్ట్రీటంటే ఏ స్ట్రీటు మేడమ్?
దాసన్నపేటా, కణపాకా?"
హెల్మెట్ తీయకుండానే అడిగాడు త్రినాథ్.

బొబ్బిలి వాళ్లు విశాఖ నుంచి మాస్టర్ని రప్పించారట.
రాజాం వాళ్లకి అందరికీ ఒకే రకం బూట్లట.
మాకున్నవి
రెండువేల ఏడొందల రూపాయలు,
జ్యోత్స్న తమ్ముడి స్పీకరు,
సబ్‌స్టేషన్ వెనక కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్ల మధ్య
ఆయిలు మరకల గచ్చు.

బిల్లింగ్ షీటు వెనక ప్లాను గీశాను.
ముగ్గుకి పెట్టినట్టు చుక్కలు,
చుక్కకో మనిషి, మొత్తం తొమ్మిది.
ముందు జ్యోత్స్న. కాంట్రాక్టు పిల్ల,
ఒళ్లు వానపాములా తిరుగుతుంది.
రెండో వరసలో డ్రైవరు పోలిరాజు,
ఎడమంటే కుడికి పోతాడు
(జీపులో ఎప్పుడూ పోలేదు).
నడుమ ఏ.ఈ. గారు.
ఊరికే నిలబడితే చాలన్నాం,
పరీక్ష తప్పిపోయిన పిల్లాడిలా సంతోషించారు.
చిట్టచివర బంగార్నాయుడు,
రిటైర్మెంటుకి ఏడు నెలలు.
"నన్నొగ్గీండమ్మా, నానేటి గెంతుతాను" అంటూనే
చెప్పులు విప్పి గట్టు మీద పెట్టాడు.

మొదటి సాయంత్రం ఐదు చుక్కలే వచ్చాయి.
రెండో రోజు ఏడు. పాట సగంలో
ఇద్దరి ఫోన్లు ఒకేసారి మోగాయి,
గాజులరేగలో జంపరు తెగిందని.
మూడో రోజు గాలి.
గాలి లేచిందంటే మాకు మనుషులు మిగలరు.
స్తంభాలెక్కినవాళ్ల చోట కుర్చీలు వేసి
నేనూ జ్యోత్స్నా వాటి చుట్టూ తిరిగాం.
ఒక కుర్చీకి కాలు విరిగి ఉంది,
దాన్ని పోలిరాజు అనుకున్నాం.

నాలుగో రోజు
మాకే కరెంటు పోయింది.
ఎవరికి ఫోన్ చెయ్యాలో తోచక
చీకట్లో ఒకరి మొహాలొకరం వెతుక్కున్నాం.
ఎవరం కదల్లేదు.
"దీన్నే ఫ్రీజ్ అంటారు సార్" అంది జ్యోత్స్న,
"పాట మధ్యలో ఉన్నవాళ్లు ఉన్నట్టే ఆగిపోవాలి."
చివరి చుక్కలోంచి గొంతు:
"ఇది మాకు కొత్తేటమ్మా?
లైన్ క్లియర్ ఇచ్చినాక
పైకెక్కినోడు దిగొచ్చి సెప్పినంతవరకూ
కిందున్నోడు సిచ్చి మీద సెయ్యెయ్యకూడదు.
ముప్పయ్యారేళ్లూ నానాడిందదే గదా."

స్టెప్పులన్నీ కొట్టేశాను.
ఇప్పుడు ప్లాను ఇది:
ఎవరి ఫోన్ మోగితే వాళ్లు
నిజంగానే వెళ్లిపోవచ్చు.
మిగతావాళ్లం ఆగుతాం,
ఎత్తిన కాలు ఎత్తినట్టే,
వెళ్లినవాడు తిరిగొచ్చేదాకా.
"నాలుగు నిమిషాలు దాటిపోతే?" అన్నారు ఏ.ఈ. గారు.
"మార్కులు కోస్తారు సార్."
"కొయ్యనీండి," అన్నాడు త్రినాథ్,
"కోతలు మనకలవాటే."

కరెంటొచ్చింది గానీ స్పీకరు రాలేదు.
లెక్క నోటితోనే.
జ్యోత్స్న అరుస్తోంది, ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది.
బంగార్నాయుడు రెండు చేతులూ పైకెత్తి
వేలు తరవాత వేలు ముడుస్తున్నాడు.
మాలో తప్పనివాడు ఆయనొక్కడే.
ఎనిమిదికి పిడికిళ్లు రెండూ మూసుకుంటున్నాయి,
మళ్లీ తెరిచి, ఒకటి.

ఎనిమిదికి ఎలా మూసుకుంటాయి?

ఎడమచేతికి మూడే వేళ్లు.
పదకొండు కేవీ లైను. ఎవరో తిరిగి రాకముందే
ఎవరో స్విచ్చి వేశారు.
ఆ పరిహారం ఫైలు నా బీరువాలోనే ఉంది,
మూడు కొర్రీలతో.
మూడోది నా చేతిరాత.

పోటీ శనివారం.
సముద్రంలో వాయుగుండం ఉందంటున్నారు.
దరఖాస్తులో సభ్యుల సంఖ్య అనే గడిలో
తొమ్మిది అని పెన్సిల్‌తో రాశాను.
ఫైలు తీసి బల్ల మీద పెట్టుకున్నాను,
దుమ్ము దులిపాను, తాడు ఇంకా విప్పలేదు.
కిటికీ అవతల
ఎవరూ లేని గచ్చు మీద
పోలిరాజు ఒక్కడే
ఎడమ, ఎడమ అని గొణుక్కుంటూ
కుడికి వెళ్తున్నాడు.