సంతృప్తికరం

డులూత్‌లో నవంబరు.
సరస్సు మీంచి వచ్చే గాలికి
మా మూడో అంతస్తు కిటికీ ఈల వేస్తోంది.
దాన్ని బిగించినవాడికి కూడా
ఎక్కడో ఒక మార్కు పడే ఉంటుంది.

మూడు వ్యవస్థల్నీ ఒకటి చేయమన్నారు పైనుంచి.
ఒకదాంట్లో కాంట్రాక్టరు పనెలా చేశాడో ఉంటుంది,
ఒకదాంట్లో ఏం తప్పు చేశాడో.
మూడోది ఎందుకుందో చెప్పగలిగిన ఒకే ఒక్కాయన
రిటైరై, గడ్డకట్టిన సరస్సుకి కన్నం పెట్టి
చేపలు పడుతున్నాడు.
మూడు పాస్‌వర్డులు, మూడు రకాల మతిమరుపు.

నా పని చిన్నది.
ఒకే మనిషి మూడు పేర్లతో కనబడితే
ఒక్క వరుసలో కూర్చోబెట్టాలి.

టోర్వాల్డ్‌సన్ రూఫింగ్.
టోర్వాల్డ్‌సన్ అండ్ సన్.
టి.ఆర్. ఎక్స్‌టీరియర్స్.
ఏ ఎండకా గొడుగు అనుకున్నాను.
ఫోన్ నంబరు మాత్రం ఒక్కటే.
కొడుకు పనిలోకొచ్చాక ఒక పేరు,
కొడుకు మాట్లాడ్డం మానేశాక ఒక పేరు.

మొదటి దాంట్లో: మాజీ సైనికుల ఆసుపత్రి గోదాం. చాలా బాగుంది.
కింద ఎవరో రాశారు, సంతకం చోట నాలుగంకెలే మిగిలాయి:
"తుఫాను రాత్రి పిలవకుండానే వచ్చాడు.
పార పట్టుకుని తెల్లారేదాకా కప్పు మీదే ఉన్నాడు.
బిల్లు పంపలేదు."

రెండో దాంట్లో: పడవల షెడ్డు. అసంతృప్తికరం.
రెండు నోటీసులు. కూలీలకి ఆరు వారాల జీతం బాకీ.
అతనేనా? అతనే.

మూడో దాంట్లో: ఫెడరల్ భవనం, తూర్పు వైపు కప్పు.
సంతృప్తికరం.
వివరణ: ఖాళీ.
మదింపు చేసినవారు: ఎం. ఓస్ట్‌బీ.

ఎం. ఓస్ట్‌బీ అంటే నేనే. మార్లిస్.

సంతృప్తికరం అంటే ఏమిటో బయటివాళ్లకి తెలీదు.
దానికి పై మాట రాస్తే ఎందుకో చెప్పాలి.
కింది మాట రాస్తే ఎందుకో చెప్పాలి,
వాళ్ల జవాబుకి జవాబివ్వాలి,
ఆ తర్వాత లాయర్ల ఉత్తరాలు.
నడిమి మాటని ఎవ్వరూ ఏమీ అడగరు.
పామూ చావదు, కర్రా విరగదు,
ఐదుంబావు బస్సు దొరుకుతుంది.

ఆ రోజు నిచ్చెనెక్కి చూడలేదు నేను.
మోకాలు నొప్పి అన్నాను.
నొప్పి ఉండేది నిజమే,
ఆ రోజు మాత్రం లేదు.

రెండో వసంతానికి మంచు కరిగి
నాని నాని ఒక సీలింగు పలక
మెయిల్‌రూం డెల్బర్ట్ భుజం మీద పడింది.
ఏం కాలేదన్నాడు, దులుపుకున్నాడు.
కాఫీ మాత్రం అప్పట్నించీ ఎడమ చేత్తో పోసుకుంటాడు.

కొత్తదాంట్లోకి మారేటప్పుడు
రాసినవాళ్ల పేర్లు పోతాయట.
అందరి బదులూ ఒకటే పేరు: మైగ్రేషన్ యూజర్.
"ఇక మిమ్మల్ని వెతుక్కుంటూ ఎవరూ రారు"
అన్నాడు శిక్షణకి వచ్చిన కుర్రాడు.
భరోసా ఇస్తున్నాననుకున్నాడు పాపం.

భోజనానికి అందరూ దిగిపోయాక
వివరణ పెట్టె తెరిచాను.
పదహారు వేల అక్షరాలదాకా రాసుకోవచ్చు.
పోసిన కాఫీ చల్లారేదాకా కూర్చుంటే
రెండు వాక్యాలొచ్చాయి.

కప్పు నేను చూడలేదు.
చూశానని సంతకం పెట్టాను.

భద్రపరచు అన్నాను.
తెర ఒక ప్రశ్న అడిగింది:
ఈ వ్యాఖ్య కాంట్రాక్టరు పనితీరుకి సంబంధించినదేనా?
అవును. కాదు.

కింద డెల్బర్ట్ బండి తోస్తున్న చప్పుడు,
ఒక చక్రం కీచుమంటూ.

ముప్పై ఒక్క ఏళ్ల అలవాటు కదా,
నడిమి బటను కోసం
ఒక్క క్షణం వెతికాను.