ఎలియసర్ నోట్సు

ఎలియసర్ నోట్సు అరువు తెచ్చుకున్నాను.
గురువారం క్లాసు, స్ఫటికాల సౌష్ఠవం.
నీలం ఇంకు, ఎడమచేతి వాటం,
ప్రతి పేజీలోనూ అరచెయ్యి ఈడ్చిన మరక.
మూడో పేజీలో, రెండు బొమ్మల మధ్య
పెన్సిల్‌తో సన్నగా:
"4:12. మయ్‌లెన్."
దాని కింద: "4:14. కళ్ళు తెరిచింది."
ఆ కిందే మళ్ళీ నీలం ఇంకులో
ఒక షట్కోణం, ఏమీ జరగనట్టు.

నా నోట్సులో అదే చోట
ఒక వాక్యం సగంలో కాలు జారి
గీతై, పేజీ దాటి, బల్ల మీదికి పోయింది.
బల్ల మీది గీత ఇంకా ఉంది, నిన్న చూసొచ్చాను.
ఎవరో దాని చివర చేపతోక తగిలించారు.

వాల్దీవియాలో తొమ్మిది రోజులుగా వాన.
పరీక్షల వారం. హాస్టలంతా
ఫ్లాస్కులతో, తడి సాక్సులతో తెల్లవార్లూ మేలుకుంటుంది.
నాకు మాత్రం పదింటికి యస్నా దీపం ఆర్పేస్తుంది.
పొద్దున ఒక మాత్ర, రాత్రి ఒకటి,
మధ్యలో ఎనిమిది గంటల నిద్ర,
డాక్టరమ్మ చీటీలో మూడో మందుగా రాసింది.
చదవని పాఠాలు గుండెల మీద కూచున్న రాత్రి
కళ్ళు మూసుకుని పడుకోవడం ఎంత కష్టమైన హోంవర్కో
ఈ హాస్టల్లో ఎవరికి చెప్పను?

మాత్ర మంచిదే. కాకపోతే మాటలు తినేస్తుంది.
మౌఖిక పరీక్షలో ఓయార్సో మేడమ్
నల్లటి ముక్కొకటి నా చేతిలో పెట్టి "ఏంటిది?" అంది.
తెలుసు.
ఏ కోణంలో చీలుతుందో తెలుసు,
ఎండలో ఏ ముఖం మెరుస్తుందో తెలుసు,
పేరొక్కటే నాలుక చివర కూచుని దిగనంటోంది.
మేడమ్ గడియారం చూడలేదు.
కిటికీలోంచి వాన చూసింది.
ఆ చూడకపోవడానికి
నేను ఆవిడకెన్ని మార్కులు వెయ్యాలి?
"హార్న్‌బ్లెండ్" అన్నాను చివరికి,
పాత స్నేహితురాలు వీధిలో ఎదురైనట్టు.

గడువు పొడిగించమని ఫారం నింపాను.
అనారోగ్యం ఎప్పటి నుంచి ఎప్పటి వరకు?
నాలుగూ పన్నెండు నుంచి నాలుగూ పద్నాలుగు వరకు.
గుమాస్తా కళ్ళజోడు పైకి తోసుకున్నాడు:
"రెండు నిమిషాలకి వారం గడువా, అమ్మాయ్?"
అయ్యా, ఆ రెండు నిమిషాలు నన్ను పారబోసి పోతాయి.
ఏరుకోవడానికి మూడు రోజులు.
కొరుక్కున్న నాలుక, దంచినట్టు ఒళ్ళు,
చదివిన పేజీయే కొత్తగా కనిపించడం:
వీటికి మీ ఫారంలో గడి లేదు.

భూకంపాల ఊరు కదా,
అందరికీ ఒకే పోలిక చేతికందుతుంది.
మేనమామ, బస్సు డ్రైవరు, ఆఖరికి నర్సు కూడా.
"నీ లోపలా భూమి కదులుతుందన్నమాట!"
వినీ వినీ విసుగొచ్చింది.
ఊరు కదిలినప్పుడు నువ్వెక్కడున్నావని
అరవై ఏళ్ళైనా అడుగుతారు, చెప్పుకుంటారు,
మా అమ్మమ్మ పొయ్యి మీది పాలగిన్నె దాకా చెబుతుంది.
నా దానికి అందరూ ఉన్నారు.
నేనొక్కదాన్నే లేను.

అందుకే నోట్సు తిరిగిస్తూ ఎలియసర్‌ని అడిగాను,
ఆ మధ్యలో ఏమైంది?
వాడు బూటు లేసు కట్టుకుంటూ ఆలోచించాడు.
"ఏం లేదు. మేడమ్ సుద్దముక్క పట్టుకుని ఆగిపోయింది.
ఎవరో నీ తల కింద కోటు పెట్టారు. నాదే అనుకుంటా.
చప్పుడు లేదు, వాన తప్ప."

గదికొచ్చి షట్కోణం ఎక్కించుకున్నాను.
దాని పైన నా పెన్సిల్‌తో,
నా చేతిరాతలో,
4:12 నుంచి 4:14 వరకు: వాన.

ఇంకా ఆరు పేజీలున్నాయి.
యస్నా దీపం వైపు చూస్తోంది.
పదైంది.