గోటి మొదట్లో

కాశీబుగ్గ బస్సు దిగి తిన్నగా వచ్చేసింది తవిటమ్మ.
డిసెంబరు చలి ఇంకా వేళ్ల మీదే ఉంది,
రెండు తెల్లగా, సున్నం పూసినట్టు,
ఒకటి నేరేడుపండు రంగులో.
"ఇరవై నిమిషాలు ఊరికే కూర్చో" అన్నాను.
"ఊరికే కూకోడమా?" అని నవ్వింది.
ఇరవై రెండేళ్లుగా ఆ మాట తనతో ఎవరూ అనలేదట.

ఫ్యాను ఆపేశాను. బయట డే అండ్ నైట్ జంక్షన్
తన హారన్లు తాను మోగించుకుంటోంది.
వేళ్లు నెమ్మదిగా ఎరుపెక్కాయి,
పోయిన నెత్తురు దారి అడుక్కుంటూ తిరిగొచ్చినట్టు.

గోటి మొదట్లో, తోలు మడతపడే సన్నని అంచున
ఒక చుక్క నూనె వేయాలి.
"ఈడా నూనేనా డాక్టరమ్మా!
పిక్క కొట్టేముందు మేమూ ఆముదం రాసుకుంతాం,
జీడి అంటుకుంతే తోలు ఊడొచ్చెత్తాది."
ఎంత రాసుకున్నా
బొటనవేలూ చూపుడువేలూ మాడి నల్లబడ్డాయి.
లెన్సు పెడితే చీకటి, అంతే.
నడిమివేలు సగం.
పిక్క పట్టని వేళ్లు రెండే మిగిలాయి,
ఉంగరం వేలు, చిటికెన వేలు.
పుస్తకమూ వాటినే ముందు చూడమంటుంది,
అక్కడ తోలు పల్చన అని.
జీడి సంగతి పుస్తకానికి తెలీదు.

తెర మీద రెండువందల రెట్లు పెరిగింది చిటికెన వేలు.
తలపిన్నుల్లా ఉండాలి ఇవి,
అట్టకి గుచ్చినట్టు వరసగా, ఒకే ఒంపుతో.
ఇక్కడ ఒకటి ఉబ్బింది, కప్పని మింగిన పాములా.
పక్కన గోధుమరంగు మచ్చ,
ఎప్పుడో కారి ఎండిన నెత్తురు.
ఆ పక్కన ఏమీ లేదు.

నాకు రాసుకోవడానికి మాటలున్నాయి. రాస్తున్నాను.
తవిటమ్మ ముక్కు తెరకి ఆనేంత దగ్గరకొచ్చి
"ఇది గుండు" అంది, వేలు పెట్టి.
"ఇది బద్ద. ఇది ముక్క.
ఇయి... ఇయి బుట్టలోకే రానేదు."
ఏరడం ఆవిడకెవరూ నేర్పక్కర్లేదు.
నా కాగితం మీద 'మిల్లీమీటరుకి నాలుగు' అని పడింది.

"ఈ కాళీ నాను సూసినాను" అంది మళ్లీ, కాసేపాగి.
"తిత్లీ ఎల్లిపోయిన మర్నాడు,
వజ్రపుకొత్తూరు రోడ్డు మీద నిలబడి.
సెట్లెక్కడుండేవో నాకు తెల్సు.
సూత్తే ఆకాశమే అవుపడతాది."
పెన్ను మూశాను.

"బాగున్నది ఎలగుంతాదో ఒకపాలి సూపించు."
ఎవరిది చూపించను? కాంపౌండరు సెలవు.
నా ఉంగరం వేలే లెన్సు కింద పెట్టాను.
చుక్క తనే వేసింది, కొలిచినట్టు, పొర్లకుండా.
నా తలపిన్నులు బుద్ధిగా నిలబడ్డాయి.
సిగ్గేసింది,
ఆకలిగా ఉన్న మనిషి ముందు క్యారేజీ విప్పినట్టు.
"తొమ్మిది" లెక్కపెట్టింది. "అన్నీ గుండ్లే.
సేతుల్తో పనేటి సేత్తావమ్మా?"
రాస్తాను, అన్నాను. చూస్తాను.

నరాలు వదులయ్యే మాత్ర రాశాను.
ఊపిరితిత్తుల పరీక్ష రాశాను, గొంతు మామూలుగా ఉంచుకుని.
తెల్లారి చన్నీళ్లు ముట్టకు, గోటి తోలు కత్తిరించకు,
ఆర్నెల్లకి రా. ఇదే వేలు, ఇదే చోటు.
పని మానమని రాయలేదు.
ఆ మందు ఏ షాపులోనూ దొరకదు.

లేవబోతూ ఆ బొమ్మ ఫోనుకి పంపమంది.
"రేసను మిసను నా ముద్దర పట్టదు.
నొక్కినప్పుడల్లా నువ్వు కాదంతాది.
లోన ఇన్ని గీతలున్నాయి గదా,
ఇది సూపిత్తే బియ్యం ఇత్తారేటి?"

పంపాను.
బయట బెంచీ మీద ఎవరికో చూపిస్తోంది,
ఉంగరం వేలితో తెర జరుపుతూ:
"ఇదిగో, ఇది గుండు..."
తర్వాతి పేరు నేనింకా పిలవలేదు.